టెక్ సందేహాలు: పెళ్లి ఫొటోలకు 50 ఎంఎం ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నికాన్ డి5600తో పుట్టినరోజులు, సీమంతాలు తీస్తున్నాను. మొదటిసారి పెళ్లి ఆర్డర్ ఒప్పుకున్నాను. కెమెరాతో వచ్చిన 18-55 తప్ప వేరే లెన్స్ లేదు. అందరూ 50 ఎంఎం ఎఫ్ 1.8 కొనమంటున్నారు. అదొక్కటి చాలా?

జవాబు: చాలదండీ. 50 ఎంఎం మంచి లెన్సే, ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ దానికి జూమ్ ఉండదు. చిక్కల్లా మండపం మీద మనకు దొరికే జాగాతోనే. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి దాని మీద 50 ఎంఎం దాదాపు 75 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఫ్రేమ్ ఇంకా ఇరుకవుతుంది. 3 మీటర్ల దూరంలో నిలబడ్డా ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు 1.4 మీటర్లే. ఎదురెదురుగా కూర్చున్న వధూవరులతోనే అది నిండిపోతుంది. పంతులుగారు, అమ్మాయి తల్లిదండ్రులు బయటే. వెనక్కి జరుగుదామంటే వీడియో వాళ్ల ట్రైపాడ్ అడ్డు.

జీలకర్ర-బెల్లం వేళ అడ్డుతెర తీసేది ఒక్కసారే. తలల మీది చేతులు, ఇద్దరి చూపులు, పక్కనున్న తల్లి ముఖం అన్నీ ఆ రెండు మూడు సెకన్లలోనే దొరకాలి. లెన్స్ మార్చుకునే తీరిక ఉండదు.

అందుకే ముందు 17-50 ఎఫ్ 2.8 జూమ్ తీసుకోండి. ఎఫ్ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది. కెమెరాతో వచ్చిన మీ కిట్ లెన్స్ 55 దగ్గరికి వెళ్లేసరికి ఎఫ్ 5.6కు పడిపోతుంది. ఎఫ్ 2.8 అంటే దానికి నాలుగింతల వెలుతురు. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచేది, పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది) 6400 పెట్టాల్సిన చోట 1600తో పనైపోతుంది. చీర జరీ, ముఖం రంగు చెడకుండా ఉండేది అక్కడే.

సిగ్మా, టామ్రాన్ రెండింటికీ ఈ రకం లెన్సులున్నాయి. సెకండ్ హ్యాండ్‌లో అయితే హైదరాబాద్ కోఠిలో వెతకండి. ఒక్క జాగ్రత్త: డి5600 బాడీలో ఫోకస్ మోటార్ లేదు, లెన్స్‌లోనే ఉండాలి. టామ్రాన్ పాత 17-50లో మోటార్ లేని రకం ఉంది. 50 ఎంఎం కొన్నా మోటార్ ఉన్న రకం, అంటే ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఏఎఫ్-డి రకం మీ కెమెరా మీద ఆటో ఫోకస్ చేయదు. మీ కెమెరా వెంట తీసుకెళ్లి, షాపులోనే బిగించి, 17 దగ్గరా 50 దగ్గరా ఎఫ్ 2.8లో తీసి పెద్దది చేసి చూడండి. టార్చి వెలుగులో లోపల సాలెగూడులా తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ఎంత తక్కువకు ఇస్తామన్నా వద్దు.

50 ఎంఎం రెండో లెన్స్‌గా ఉంచుకోండి. పెళ్లికూతురి ముస్తాబుకు, రాత్రి బారాత్‌కు బాగా అక్కరకొస్తుంది. అయితే 2 మీటర్ల దూరంలో ఎఫ్ 1.8 పెడితే స్పష్టంగా ఉండే లోతు 11 సెంటీమీటర్లే. పెళ్లికూతురి కళ్లు దిద్దినట్టు వస్తాయి, కాస్త వెనకున్న పెళ్లికొడుకు మసకబారతాడు. ఇద్దరుంటే ఎఫ్ 2.8 దాటించండి. దూరం నుంచి తీసే 70-200 జూమ్ ఇప్పుడే కొనకండి, కావాలనిపించిన రోజు అద్దెకు తెచ్చుకోండి.

ఇంకో మాట. ఫంక్షన్ హాల్ ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు పడితే టెన్షన్ పడకండి, లెన్స్‌లో లోపమేమీ లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం 1/100 సెకనుకు తగ్గిస్తే చాలావరకు పోతాయి. ఆ వేగంలో తలంబ్రాల గింజలు గీతల్లా వస్తాయి, అదీ నాకు నచ్చుతుంది. ముఖాల మీది చారలే ఆల్బమ్‌లో దాచలేం.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్నాను. గ్రూప్ ఫొటోల్లో చివర నిలబడ్డవాళ్లు లావుగా సాగినట్టు వస్తున్నారు. లెన్స్ పాడైందా?

జవాబు: లెన్స్ బాగానే ఉంది. జూమ్‌ను బాగా వెడల్పుగా చూపే 18 దగ్గర పెట్టి మరీ దగ్గర నుంచి తీస్తున్నట్టున్నారు. నాలుగడుగులు వెనక్కి వేసి, జూమ్ 30 దాటించండి. ఒకే పొడుగాటి వరుస కాకుండా రెండు వరుసలు కట్టించి, ఎఫ్ 5.6 పెట్టండి. స్టేజీ మీద వెనక్కి జాగా లేకపోతే కిందికి దిగి తీయండి. ముందు కుర్చీల్లోని బంధువులను ఒక్క నిమిషం జరగమని అడిగితే ఎవరూ కాదనరు.