డెక్ వేసే ముందు కింద నేల సంగతి

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. చేవెళ్ల తోటలో ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున చెక్క డెక్ (ఆరుబయట చెక్క పలకల అరుగు) వేయిస్తున్నానని, ఏ పాలిష్ ఎక్కువ ఏళ్లు ఆగుతుందో చెప్పమని రాశావు. పాలిష్ మాట చివర్లో చెబుతాను. డెక్ పాడవడం చాలాసార్లు కిందినుంచే మొదలవుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజు పట్టి కుళ్లుతుంది, చెదలు కూడా ఆ తడి చెక్క వెతుక్కుంటూ వస్తాయి. వానకు తడిస్తే భయం లేదు, తడిసింది మళ్లీ ఆరాలి, అంతే. ఆరకుండా చేసేది మనమే: నేలకు ఆనించి వేస్తాం, చుట్టూ మూసేస్తాం, కింద ప్లాస్టిక్ పరుస్తాం.

నీది నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లు ఇస్తుంది, వానలకు ఉబ్బుతుంది. దాని మీద దిమ్మెలు నిలబెడితే ఒకటి లేస్తుంది, ఇంకొకటి దిగుతుంది, పైన పలకలు మెలిపడి స్క్రూలు వదులవుతాయి. అందుకని డెక్ కొలతకు చుట్టూ ఒక్కో అడుగు కలిపి, అంటే 14 అడుగులకు 12 అడుగులు, 2 అడుగుల లోతున నల్లమట్టి తీయించెయ్. ఆ గుంట 336 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే మొరం అణుగుతుంది కాబట్టి గుంటకే 420 దాకా పడుతుంది, నేలకంటే ఎత్తు చేయడానికి ఇంకా కొంత కలుపుకో. ఒక్కసారే పోయించకు. 6 అంగుళాల చొప్పున పొరలుగా పోసి, నీళ్లు చల్లి, ప్రతి పొరకూ దిమ్మిస కొట్టించాలి.

ఖర్చు తగ్గుతుందని ఇసుకతోనో కంకరతోనో నింపమని ఎవరైనా చెబితే వినకు. నల్లరేగడి నీటిని కిందికి వదలదు. గుంటలో ఇసుక పోస్తే వాన నీళ్లన్నీ అందులో చేరి, చుట్టూ ఉన్న మట్టిని నెలల తరబడి ఉబ్బిస్తూనే ఉంటాయి. కొంచెం బంకమట్టి కలిసిన మొరమే మేలు, గట్టిగా దిమ్మిస కొడితే నీరు లోపలికి దిగదు. పైభాగం చుట్టుపక్కల నేలకంటే 3, 4 అంగుళాలు ఎత్తుండాలి. ఇంటినుంచి బయటివైపుకు 8 అడుగులకు 1 అంగుళం వాలు పెట్టించు. డాబా మీది నీళ్ల గొట్టం, ఏసీ నీటి పైపు అటు దిగుతుంటే పనికి ముందే దారి మళ్లించు. రోజంతా బొట్లు బొట్లుగా కారే ఏసీ పైపు వానకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఇక కలుపు. వయ్యారిభామ, పల్లేరు లాంటివి పీకితే పోతాయి. నిన్ను సతాయించేవి తుంగ, గరిక. తుంగ మొక్క ఒకటి జాగ్రత్తగా తవ్వి చూడు: దారంలాంటి వేరు, దానికి నల్లటి గడ్డ, అక్కడినుంచి ఇంకో దారం, ఇంకో గడ్డ. పైన పీకితే దారం తెగి గడ్డ లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొలుస్తుంది. గడ్డల్లో చాలావరకు పై అడుగు మట్టిలోనే ఉంటాయి కాబట్టి నువ్వు తీసే నల్లమట్టితోపాటే పోతాయి. కానీ ఆ మట్టిని పక్కనే పూలమడుల్లో పోయించావంటే కలుపును చేతులారా నాటినట్టే, దూరంగా ఎత్తించు. గరిక పక్కనుంచి పాకుతూ వస్తుంది. లాన్‌కూ డెక్‌కూ మధ్య కడప బండ ముక్కలను నిలువుగా, 8 అంగుళాలు నేలలో, 2 అంగుళాలు పైన ఉండేలా పాతించు. ఇంటికి దూరంగా ఉండే అంచున మాత్రం బండల మధ్య అక్కడక్కడా వేలెడు సందు వదలాలి, లేకపోతే వాలున వచ్చిన నీళ్లు అక్కడే ఆగుతాయి. ఆ సందుల్లోంచి గరిక తొంగిచూస్తే తుంచెయ్.

కాంక్రీటు దిమ్మెలు 12 కావాలి. 12 అడుగుల పొడవునా 4 అడుగులకొకటి చొప్పున నాలుగు, అలాంటివి మూడు వరసలు. ఒక్కోటి 9 అంగుళాల చదరం, మొరంలోకి అడుగున్నర, కంకర పైకి ఒక అడుగు. చెక్క గుంజలను నేరుగా మట్టిలో పాతనివ్వకు, ఎంత చేవగల చెక్కైనా నేలమట్టం దగ్గరే ముందు పుచ్చుతుంది.

దిమ్మెలు గట్టిపడ్డాక చెదల మందు కొట్టించు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ (నీళ్లలో కలిపే ద్రవ రకం మందు) లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు, చదరపు మీటరుకు 5 లీటర్ల ద్రావణం. నీ స్థలం 15.6 చదరపు మీటర్లు కనుక దాదాపు 78 లీటర్ల నీళ్లు, 164 మిల్లీలీటర్ల మందు. దిమ్మెల మొదళ్ల దగ్గర బాగా తడవాలి. వాన సూచన ఉన్న రోజు వద్దు, బోరు పక్కన వద్దు. తేనెటీగలకు ఇది విషం, పూలమొక్కల పాదుల్లోకి పారనివ్వకు. పనివాళ్ల చేతికి తొడుగులు, ముఖానికి గుడ్డ ఉండాలి.

అది ఇంకాక కలుపు షీటు. నల్లటి అల్లిక షీటు, నర్సరీల్లో వీడ్ మ్యాట్ అని అమ్మేది తీసుకో, దళసరిది చూసుకో. పాలిథిన్ కవరు మాత్రం వద్దే వద్దు: నీళ్లు దాని మీద నిలిచి దోమలు పెరుగుతాయి, ఆ ఆవిరంతా పలకల అడుగుకు పడుతుంది, సూదిలాంటి తుంగ మొలక దాన్ని పొడుచుకుని పైకొస్తుంది కూడా. షీటు అతుకుల దగ్గర ఒక దాని మీద ఒకటి అడుగు మేర ఎక్కాలి, 2 అడుగులకొక పిన్ను దిగాలి. దిమ్మె దగ్గర ఇంటూ గుర్తులా కోసి మడతలు దిమ్మెకు ఆనించు. గుండ్రంగా కోస్తే మిగిలే సందులోంచే మొక్క వస్తుంది. పైన 20 ఎంఎం కంకర, డస్టు లేనిది, 3 అంగుళాలు. 42 ఘనపుటడుగులు పడుతుంది.

ప్రతి దిమ్మె మీదా జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు టోపీ పెట్టించు, అంచులు 2 అంగుళాలు బయటికొచ్చి కిందికి వంగి ఉండాలి. చెదలను అది పూర్తిగా ఆపలేదు. కానీ అవి రేకు చుట్టూ మట్టి గొట్టం కట్టుకుంటూ ఎక్కాలి కాబట్టి టార్చి వేస్తే కంటపడతాయి. కింద ఒక అడుగు ఖాళీ ఉంచమన్నది గాలి కోసమే కాదు, ఇలా వంగి చూడటం కోసం కూడా. ఆ టోపీల మీద 4×3 అంగుళాల దూలాలు మూడు, వాటికి అడ్డంగా 4×2 పట్టెలు 16 అంగుళాలకొకటి చొప్పున పది. మొత్తం ఎత్తు 21 అంగుళాలు వస్తుంది. ఎక్కువనిపించినా తగ్గించకు, రెండు మెట్లు పెట్టుకుంటే సరి. డెక్‌ను ఇంటి గోడకు బిగించకు, సందు వదులు.

టేకు అన్నంత మాత్రాన సరిపోదు, చేవ (మధ్యలోని ముదురు రంగు గట్టి చెక్క) చూడు. అంచున తెల్లగా ఉన్న భాగం టేకైనా త్వరగా పుచ్చుతుంది. తేమ మీటరుతో కొలిపించి 12 నుంచి 14 శాతం ఉన్నవే దించుకో. పలకలు 4 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. సందు 5 మిల్లీమీటర్లు, అంతే మందమున్న రేకు ముక్క మధ్యలో పెట్టి బిగిస్తే తేడా రాదు. ఈ లెక్కన 29 పలకలు పడతాయి, చివరిది కొంచెం చీల్చాలి. పలక పట్టెను దాటే ప్రతి చోటా 2 స్క్రూలు, మొత్తం 580. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 304 రకం, రెండున్నర అంగుళాలవి 600 తెచ్చుకో. ముందు రంధ్రం వేశాకే స్క్రూ దింపాలి, లేకపోతే చివర్లు చీలతాయి. మామూలు మేకులు తుప్పుపట్టి చుట్టూ చెక్కను నల్లగా చేస్తాయి. పట్టెల నెత్తిన బ్యూటైల్ టేపు (నీరు దిగని రబ్బరు జిగురు టేపు) అంటించు, 31 మీటర్లు కావాలి. స్క్రూ వెంట దిగే నీళ్లు పట్టెలోకి పోకుండా అది ఆపుతుంది.

నువ్వడిగిన పాలిష్ సంగతి. పైన పొరలా నిలిచే వార్నిష్, పీయూ (పాలియురేథేన్ పాలిష్) వద్దు. మన ఎండకు పగులుతాయి, ఆ పగులులోంచి దిగిన నీళ్లు ఆ పొర కిందే చిక్కుకుంటాయి. చెక్కలోకి ఇంకే డెక్ ఆయిల్ వాడు. బిగించక ముందే నాలుగు వైపులా ఒక చేయి, అంటే ఒక పూత, పట్టించు, అడుగుభాగం మరవొద్దు. అడుగు తేమ పీల్చి, పైభాగం రోహిణి ఎండకు ఆరిందంటే పలక ఎండిన విస్తరాకులా అంచులు లేపుతుంది. కోసిన చివర్లు నీటిని అన్నిటికంటే ఎక్కువ తాగుతాయి, వాటికి రెండు చేతులు.

పాములు, ఎలుకలు దూరతాయని చుట్టూ పలకలు కొట్టి మూసేయకు. అరంగుళం కన్ను వెల్డ్‌మెష్ (ఇనుప తీగ జాలీ) కడితే గాలి ఆడుతుంది, అవీ రావు. కుండీలు నేరుగా పలకల మీద పెట్టకుండా కింద అంగుళం ఎత్తు కాళ్లు పెట్టు.

ఎంత షీటు వేసినా దుమ్ము, వేపాకు కంకర మీద చేరి మట్టవుతుంది, గాలికొచ్చిన గింజ అందులో మొలుస్తుంది. మృగశిర కార్తెకు ముందొకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పలకల సందుల్లో సన్నటి చువ్వ ఆడించి చెత్త దించు, అంచుల్లో పేరుకున్నది ఊడ్పించు. అప్పుడే టార్చి పట్టుకుని రేకు టోపీలు చూసి, దూలాల చివర్లను స్క్రూడ్రైవరుతో నొక్కి చూడు. మెత్తగా దిగితే ఆ దూలం మార్చాల్సిందే, పైన నూనె రాస్తే ఆగదు.

గుంట తవ్వగానే రెండడుగుల లోతున మట్టి ఏ రంగుందో ఫోటో తీసి పంపు. అక్కడే గట్టి మొరం తగిలితే అంతకంటే తవ్వక్కర్లేదు. ఇంకా నల్లగానే ఉంటే మూడో అడుగు కూడా తీయించాలి, మొరం లెక్క మారుతుంది. అప్పటిదాకా లోడు చెప్పకు.

ఇట్లు,
మామయ్య