పరీక్షలన్నీ బాగానే ఉన్నా గుండె దడ ఎందుకొస్తోంది?

ఈసీజీ, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు, అయినా గుండె దడ, చేతుల్లో తిమ్మిర్లు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉంటోంది, ఇదంతా ఆందోళన వల్లే అంటే నమ్మబుద్ధి కావట్లేదు అని మీరు రాశారు. నాకూ నమ్మబుద్ధి కాలేదు. దాదాపు రెండేళ్ళు ఇదే పడ్డాను.

మొదటిసారి అర్ధరాత్రి నిద్రలో వచ్చింది. ఉలిక్కిపడి లేచేసరికి గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. ఎడమవైపు ఛాతీలో పోట్లు, ముచ్చెమటలు, పెదాల చుట్టూ తిమ్మిరి. ఇక అయిపోయిందనుకున్నాను. ఆస్పత్రిలో ఈసీజీ తీసి, "ఏమీ లేదు, టెన్షన్ పడకండి" అని పంపేశారు. ఆ "ఏమీ లేదు" అన్న మాటే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఏమీ లేకపోతే నాకు ఆ నొప్పి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? ఇంకో ఇద్దరు డాక్టర్లను చూశాను, ఎకో అనే గుండె స్కాను, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించుకున్నాను. అన్నీ బాగానే ఉన్నాయి, నేను తప్ప.

చివరికి ఒక డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ముప్పు వచ్చిందని మెదడు అనుకోగానే మూత్రపిండాల పైనుండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. ఎదిరించడానికో పారిపోవడానికో ఒళ్ళు సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, అరుగుదల వెనక్కి పోతుంది. కడుపులో తిప్పేది అందుకే. ఛాతీ కండరాలు గంటల తరబడి బిగిసి ఉంటే నొప్పి పుడుతుంది. గొంతు కండరాలు బిగిస్తే మింగుడుపడని ఉండలా అనిపిస్తుంది. ఇక తిమ్మిర్లు. భయంలో మనకు తెలియకుండానే గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి, కళ్ళు తిరుగుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. గాలి చాలడం లేదనిపిస్తుంది కానీ అప్పుడు మనం అవసరానికి మించి పీలుస్తుంటాం. అది విన్నాక నాకు ఏడుపొచ్చింది. నా నొప్పిని మొదటిసారి ఒకరు ఒప్పుకున్నారు.

ఇది పిరికివాళ్ళకు వచ్చేదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల్లో ఇలాంటి దడ, ఆయాసం, ఛాతీనొప్పి చూసి జాకబ్ డకోస్టా అనే వైద్యుడు 1871లోనే రాశారు. అసలు మన భాషకే ఈ సంగతి తెలుసు. గుండె ఝల్లుమంది, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి, కడుపులో దేవినట్టయింది అని భయాన్ని ఒంటితోనే చెప్పుకుంటాం కదా.

థైరాయిడ్ చూపించుకున్నారో లేదో మీరు రాయలేదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది, విటమిన్ బి12 తగ్గినా తిమ్మిర్లు వస్తాయి. అవి ఒకసారి తేల్చుకోండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో నొప్పి వచ్చినా, చేతికో దవడకో పాకినా, స్పృహ తప్పినా మాత్రం ఆందోళనేలే అని ఊరుకోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

నాకు పనికొచ్చిన వాటిలో మొదటిది, నాడి పట్టుకుని చూసుకోవడం మానేయడం. రోజుకు ఎన్నిసార్లు చూసుకునేదాన్నో లెక్కే లేదు. చూసిన ప్రతిసారీ భయం, భయపడగానే మళ్ళీ దడ. మాననిచ్చేది కాదు మనసు, వారాలు పట్టింది. దడ మొదలైతే పీల్చిన దానికంటే ఎక్కువసేపు ఊపిరి మెల్లగా వదిలేదాన్ని. థెరపిస్టు నాతో కావాలనే మెట్లు ఎక్కించి, గుండె వేగంగా కొట్టుకుంటుంటే పక్కనే కూర్చుని "ఇప్పుడేం జరిగింది?" అని అడిగేవారు. ఏమీ జరగలేదని నా ఒంటికి తెలియడానికి అలా చాలాసార్లు ఎక్కాల్సి వచ్చింది. మందులు కూడా కొన్నాళ్ళు వాడాను. అవి పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి వారానికే పనిచేయట్లేదని ఆపేయకండి.

ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది. పోయిన నెల బస్సులో వచ్చింది. దిగిపోలేదు. కాసేపటికి తగ్గింది, నా స్టాపులోనే దిగాను.