నడుం మెటికలు విరిస్తే నొప్పి పోతుందా?

ప్రశ్న: నాకిప్పుడు ఏడో నెల, తొలి కాన్పు. కొన్నాళ్లుగా నడుం కింద, కుడిపక్క పిర్ర పైభాగంలో ఒకటే నొప్పి. రాత్రి పక్కమీద అటు నుంచి ఇటు తిరగాలంటే ప్రాణం పోతోంది. మెట్లెక్కుతుంటే ముందువైపు కూడా పొడుస్తోంది. డాక్టరుగారు ‘ఈ టైములో మామూలే’ అన్నారు. మా ఆడపడుచు కైరోప్రాక్టిక్ (వెన్ను, కీళ్లను చేత్తో నొక్కి, తిప్పి చేసే చికిత్స) చేయించుకోమంటోంది. తన మెడనొప్పి ఒక్కసారికే పోయిందట. వీడియోలు చూస్తే మనిషిని మెలితిప్పి టకటకమనిపిస్తున్నారు. బిడ్డకేమైనా అవుతుందేమోనని భయం. వెళ్లనా, మాననా?

జవాబు: ‘మామూలే’ అన్నమాట అబద్ధం కాదమ్మా, కానీ అది వైద్యమూ కాదు. కడుపుతో ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు నడుం నొప్పి వస్తుంది. అందరికీ వస్తోంది కదా అని పళ్లబిగువున ఓర్చుకోనక్కర్లేదు.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది వెన్నుపూసల కంటే కటి ఎముకల కీళ్ల నొప్పిలా ఉంది. కటి ఎముకలు వెనకవైపు రెండుచోట్ల, ముందువైపు ఒకచోట కలుస్తాయి. పక్కమీద దొర్లినా, మెట్టెక్కినా, ఒంటికాలి మీద నిలబడినా ఆ మూడు చోట్లా బరువు సమానంగా పడదు, అందుకే పొడుస్తుంది. గర్భంలో హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే కట్లు కాస్త వదులవుతాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ పొట్ట కండరాలు సాగి పట్టు తప్పుతాయి, ఆ పనంతా నడుం మీద పడుతుంది. అంతేగాని ఎముక ‘పక్కకు జరిగిపోలేదు’. ఎవరైనా మీతో అలా అంటే కంగారుపడకండి.

ఇక ఆ టకటక సంగతి. మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడే అది. కీలును గబుక్కున లాగితే లోపలి ద్రవంలో ఒత్తిడి పడిపోయి వాయువు బుడగ కడుతుంది, చప్పుడు దానివల్లే. జారిన ఎముక చోటుకొచ్చి కూర్చున్న శబ్దం కాదు. ఈ విద్యను 1895లో అమెరికాలో మొదలుపెట్టిన డి.డి. పామర్ మాత్రం రోగాల్లో చాలావాటికి మూలం వెన్నుపూసలు తప్పడమే అని నమ్మాడు. ఇవాళ ఆ వృత్తిలోనే చాలామంది ఆ మాట అనరు.

నేను ఫిజియోథెరపిస్టును, పక్కింటి వృత్తి గురించి చెబుతున్నాను కాబట్టి నా మాటను ఆ మేరకు తగ్గించుకుని చదవండి. గర్భిణుల నడుం, కటి నొప్పుల మీద వైద్య పరిశోధనలను వడగట్టి చూసే కోక్రేన్ సంస్థ 2015లో వేసిన సమీక్షలో వ్యాయామానికి కొంత ఆధారం కనిపించింది. చేత్తో చేసే చికిత్సలూ కొందరికి మేలు చేయవచ్చని ఉంది గాని, ఆ ఆధారం పలచన. కాబట్టి వెళితే తప్పేమీ కాదు, వెళ్లకపోతే నష్టమూ లేదు.

వెళ్లేట్టయితే ముందు మీ ప్రసూతి డాక్టరుకు చెప్పండి. రక్తస్రావం, కిందికి ఉన్న మాయ, బీపీ, నెలలు నిండకముందే నొప్పులు రావడం లాంటివి ఉన్నవాళ్లు ఆ ఆలోచనే మానాలి. కైరోప్రాక్టర్‌కు ఆ విద్యలో సరైన శిక్షణ ఉందా, గర్భిణులను చూసిన అనుభవం ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. బోర్లా పడుకోబెట్టేట్టయితే పొట్ట భాగం కిందికి దిగే బల్ల ఉండాలి. వెల్లకిలా ఎక్కువసేపు ఉంచనివ్వకండి. బిడ్డ బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్లు తిరుగుతాయి. ఎక్స్‌రే తీద్దామంటే వద్దనండి. గట్టిగా తిప్పకుండా మెల్లగా నొక్కి, సాగదీసి చేసే పద్ధతులున్నాయి, అవి చాలు.

మెడ మాత్రం ముట్టుకోనివ్వకండి. మెడను హఠాత్తుగా తిప్పినప్పుడు మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ నడుం నొప్పికి మెడ ఎందుకు తిప్పించుకోవాలి చెప్పండి! మొదటిరోజే ‘కాన్పయ్యేదాకా వారానికిన్ని’ అని ప్యాకేజీ అంటగడితే లేచి వచ్చేయండి.

ఈలోగా ఇంట్లో ఇవి చేయండి. పక్క తిరిగేటప్పుడు మోకాళ్లు రెండూ దగ్గరగా నొక్కిపెట్టి మనిషంతా ఒక్కసారిగా తిరగండి. రాత్రిపూట మోకాళ్ల మధ్య దిండు ఉండాలి. బట్టలు కూర్చునే వేసుకోండి, మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కండి, అడుగులు చిన్నవిగా వేయండి. చేతులు, మోకాళ్ల మీద ఆని నడుమును మెల్లగా పైకి గుండ్రంగా లేపి, మళ్లీ మామూలుగా దించడం పొద్దునా సాయంత్రం చేయండి. తుంటి చుట్టూ కట్టే కటి బెల్టు కొందరికి బాగా పనిచేస్తుంది, పొట్టమీద బిగించకూడదు. మాత్రలు సొంతంగా వద్దు. ముఖ్యంగా ఐబూప్రోఫెన్ లాంటివి 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాలకు చేటు.

నడుం నొప్పి అలలు అలలుగా వస్తూ పొట్ట రాయిలా బిగుస్తుంటే, రక్తం గాని ఉమ్మనీరు గాని పోతుంటే, జ్వరం, మూత్రంలో మంట, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఒక్క పిక్కే వాచి నొప్పెట్టడం, కాలు పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం ఉంటే కైరోప్రాక్టరూ వద్దు, నేనూ వద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: 33 వారాలు. బిడ్డ పిర్రలు కిందికి ఉన్నాయన్నారు. కైరోప్రాక్టిక్‌లో వెబ్‌స్టర్ పద్ధతితో బిడ్డ తిరుగుతుందట, నిజమేనా?

జవాబు: నమ్మదగ్గ ఆధారం లేదు. దాన్ని నేర్పే కైరోప్రాక్టర్ల సంఘమే అది బిడ్డను తిప్పే పద్ధతి కాదనీ, తల్లి కటిని సరిచేసేదనీ చెప్పుకుంటోంది. 33 వారాలకు అలా ఉన్న బిడ్డల్లో ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురు, నలుగురే. 36 వారాల స్కానింగులోనూ తిరగకపోతే, ప్రసూతి డాక్టర్లు ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు చూసుకుంటూ పొట్టపై నుంచి చేతులతో తిప్పే ప్రయత్నం చేస్తారు. సుమారు సగం సార్లు ఫలిస్తుంది. మీకది కుదురుతుందో లేదో వచ్చే చెకప్‌లోనే అడిగేయండి, ఆలస్యమైతే ఉమ్మనీరు తగ్గి, బిడ్డ పెరిగి, తిరగడానికి చోటు చాలదు.