ఆఫీసు కంప్యూటర్లు: మీరు అడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: మా ఆఫీసులో 70 సిస్టమ్స్, ఒక ఫైల్ సర్వర్, వీటన్నిటికీ నేనొక్కణ్నే. ఎవరికి ఏం వచ్చినా నా సెల్‌కే ఫోన్ చేస్తారు, అకౌంట్స్ హెడ్ ఒకటి చెప్తే అడ్మిన్ హెడ్ ఇంకోటి చెప్తారు, ఎవరి మాట వినాలో తెలీదు. పోయిన నెల సర్వర్‌లో హార్డ్ డిస్క్ పోయింది, తీరా చూస్తే 4 నెలల నుంచి బ్యాకప్ పడట్లేదు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ పిలిచి 10 రోజుల్లో ఐటీ పాలసీ రాసివ్వమంది. నెట్‌లో 60 పేజీల శాంపిల్ దొరికింది, కంపెనీ పేరు మార్చి ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండి, ఆ పని మాత్రం చెయ్యకండి. ఆ 60 పేజీల్లో ఛేంజ్ కమిటీ అనీ సెక్యూరిటీ ఆఫీసర్ అనీ ఏవేవో ఉంటాయి, మీ దగ్గర ఆ మనుషులే లేరు కదా, రేపు ఏదైనా జరిగితే ఆ కాగితమే తీసి "ఇందులో రాసుంది, ఎందుకు చెయ్యలేదు" అని మిమ్మల్నే నిలదీస్తారు. నేనూ చాలా ఏళ్లు సపోర్ట్‌లో పనిచేశాను, మా ఆఫీసులో పాలసీ ఫైలు బీరువాలో ఉండేది, సర్వర్ పాస్‌వర్డ్ ఒకాయన బుర్రలో ఉండేది, ఆయన ఆస్పత్రిలో చేరిన వారం మేం పడ్డ పాట్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

రూల్స్ తర్వాత, ముందు పేర్లు రాయండి. ఏ పని ఎవరిది, ఆ మనిషి లేనిరోజు ఎవరు చూస్తారు, ఎవరు సరే అంటే చెయ్యాలి, ఈ మూడూ ఒక్క పేజీలో పడితే సగం గొడవ తీరిపోతుంది. మీరు ఎవరి కింద పనిచేస్తారో ఒక్కరి పేరే ఉండాలి, ఇద్దరి పేర్లుంటే ఇప్పుడున్నట్టే ఉంటుంది. అకౌంట్స్ ఫోల్డర్ ఎవరు చూడొచ్చో చెప్పాల్సింది అకౌంట్స్ హెడ్, మీరు కాదు, ఆయన మెయిల్ పెడితే యాక్సెస్ ఇవ్వడం, తీసెయ్యమంటే తీసెయ్యడం వరకే మీ పని. ఈ గీత గీసుకోకపోతే పోయిన ప్రతి ఫైలుకీ జవాబు మీరే చెప్పుకోవాల్సి వస్తుంది.

పాలసీకీ ప్రొసీజర్‌కీ తేడా కూడా మేనేజ్‌మెంట్‌కి చెప్పండి, చాలామంది రెండూ కలిపేసి రాస్తారు. ఏం ఒప్పుకుంటాం, ఏం ఒప్పుకోం అన్నది పాలసీ, దాని మీద సంతకం వాళ్లది. ఒక పని ఏ వరసలో చెయ్యాలో చెప్పేది ప్రొసీజర్, అది మీరు రాసుకోవాలి, సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా మీరే మార్చుకోవాలి. రెండూ కలిపితే చిన్న మెనూ మారినా మళ్లీ సంతకాల కోసం తిరగాలి, విసుగొచ్చి ఎవరూ మార్చరు, చివరికి కాగితం ఒకటీ జరిగేది ఒకటీ అవుతుంది.

ఇక బ్యాకప్ సంగతి, మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఇదే. మీ ఒక్కరికే ఇలా జరిగిందని కుంగిపోకండి, 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలోనే జరిగింది. ఒక ఇంజినీర్ రాత్రిపూట ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా ఫోల్డర్ డిలీట్ చేసేశారు, సరే బ్యాకప్ ఉందిగా అని వెతికితే రోజూ పడాల్సిన బ్యాకప్ అసలు పడట్లేదు, ఫెయిలైందని చెప్పాల్సిన మెయిల్స్ మధ్యలోనే రిజెక్ట్ అయిపోతున్నాయి కాబట్టి ఎవరికీ తెలీలేదు. అంతకు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు, ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. వాళ్లు జరిగిందంతా దాచకుండా బయటపెట్టారు, బ్యాకప్‌ని ఎందుకు టెస్ట్ చెయ్యలేదు అన్న ప్రశ్నకి వాళ్లు రాసుకున్న కారణం, అది ఎవరి బాధ్యతో ఎవరికీ అప్పగించలేదని. మీ దగ్గర జరిగిందీ అదే కదండీ.

అందుకే బ్యాకప్ ఎదురుగా ఒక పేరు, రీస్టోర్ టెస్ట్ (బ్యాకప్ వెనక్కి తీస్తే వస్తోందా అని చూడటం) ఎదురుగా ఇంకో పేరు పెట్టండి, వీలైతే ఇద్దరూ వేరే మనుషులు. డేటా 3 కాపీలు, 2 రకాల మీడియాలో (హార్డ్ డిస్క్, టేప్ లాంటివి), 1 ఆఫీసు బయట, ఇది పాత లెక్కే అయినా ఇప్పటికీ మంచిదే, కాకపోతే ఒక కాపీ నెట్‌వర్క్‌కి తగిలించకుండా ఉంచండి, రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్కుల్ని కూడా లాక్ చేసేస్తుంది. నెలకోసారి ఏదో ఒక ఫోల్డర్ వెనక్కి తీసి, తెరుచుకుంటోందో లేదో ఆ డిపార్ట్‌మెంట్ మనిషి చేతే చూపించండి. ఎన్ని గంటల డేటా పోతే తట్టుకోగలం, ఎన్ని గంటలు పని ఆగితే పర్వాలేదు, ఈ రెండు అంకెలూ మీరు వెయ్యకండి, మేనేజ్‌మెంట్ చేతే వేయించండి, ఎందుకంటే ఆ అంకెని బట్టే ఖర్చు.

ఫోన్ల గురించి: ఒక మెయిల్ ఐడీ పెట్టి రిక్వెస్టులన్నీ అందులోకే రమ్మనండి, పదిమందికి పని ఆగిపోతే తప్ప ఫోన్ వద్దని మీరు కాదు, మీ పైవాళ్లే అందరికీ చెప్పాలి. 3 నెలలయ్యాక ఒకే ప్రింటర్ కోసం ఎన్నిసార్లు లేచారో, ఇంకో మనిషి ఎందుకు కావాలో ఆ మెయిల్సే చెప్తాయి. ఉద్యోగం మానేసేవాళ్ల సంగతి హెచ్‌ఆర్ మీకు ముందే చెప్పాలి, వెళ్లిన నెలకి కాదు. అకౌంట్ ఆ రోజే డిజేబుల్ చెయ్యండి, వెంటనే డిలీట్ చెయ్యకండి, అందులో ఫైల్స్ ఎవరికి ఇవ్వాలో తేలాలి కదా. ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి మారినవాళ్ల పాత యాక్సెస్ అలాగే ఉండిపోతుంది, అది ఎవరూ పట్టించుకోరు, మీరు పట్టించుకోండి.

ప్రశ్న: ఒకసారి అప్‌డేట్ వల్ల మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయిందని, అప్పట్నించీ మా మేనేజర్ అప్‌డేట్స్ అన్నీ ఆపించేశారు. ఇది కరెక్టేనా?

జవాబు: ఆయన భయం నిజమైందే, చేసిన పని మాత్రం తప్పు. 2017 మే 12న వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చి 150 దేశాల దాకా పాకింది కదా, దానికి ముఖ్యమైన ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చేసింది, దాదాపు రెండు నెలలు టైముంది, వేసుకోని చోట్ల నష్టం జరిగింది. అలాగని వచ్చింది వచ్చినట్టు అన్నిట్లో ఒకేసారి వెయ్యడమూ ప్రమాదమే, 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి 85 లక్షల విండోస్ సిస్టమ్స్ దాకా పడిపోయాయి. విండోస్ నెలవారీ అప్‌డేట్ రెండో మంగళవారం వస్తుంది, ముందు సెక్షన్‌కి ఒకటి చొప్పున నాలుగైదు సిస్టమ్స్‌లో వేసి రెండు మూడు రోజులు మామూలు పని చేయించండి, బిల్లింగ్ సిస్టమ్ ఒకటి అందులో తప్పకుండా ఉండాలి, ఏ ఇబ్బందీ లేకపోతేనే మిగతావాటికి వెళ్లండి. తేడా వస్తే వెనక్కి ఎలా తియ్యాలో ముందే రాసుకోండి, సెలవుకి ముందురోజు సాయంత్రం మాత్రం వెయ్యొద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అంటే మామూలుగా ఇక అప్‌డేట్స్ రావు, అవి ఎన్ని ఉన్నాయో కూడా ఒకసారి లెక్కపెట్టండి.

ప్రశ్న: మా ఆఫీసులో 30 రోజులకోసారి పాస్‌వర్డ్ మార్చమంటారు, గుర్తుండట్లేదు, అందరం కాగితం మీద రాసుకుంటున్నాం. మార్చడం నిజంగా అవసరమా?

జవాబు: లీకైందని అనుమానం ఉంటే వెంటనే మార్చాలి, ఊరికే తేదీ వచ్చిందని అక్కర్లేదు. అమెరికా స్టాండర్డ్స్ సంస్థ ఎన్ఐఎస్‌టీ కూడా 2017లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఇలా గడువు పెట్టి మార్పించొద్దనే చెప్పింది, ఎందుకంటే మార్చమంటే మనుషులు చివర్లో 1 తీసి 2 పెడతారు, అంతే. పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, వేరే చోట వాడింది కాకూడదు, పైన ఓటీపీ లాంటి రెండో మెట్టు ఉండాలి, గుర్తుపెట్టుకోడానికి పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచే సాఫ్ట్‌వేర్) ఆఫీసే ఇవ్వాలి. మీ ఐటీ వాళ్లతో వాదన పెట్టుకోకుండా అందరం కాగితాల మీద రాసుకుంటున్నాం అన్న నిజాన్ని మెయిల్‌లో చెప్పండి, రూల్ మార్చించడానికి వాళ్లకి కావాల్సింది అదే.