ఒకే మాయ కవలల్లో ఒక బిడ్డ పోతే రెండో బిడ్డను వెంటనే తీయాలా?

24వ వారంలో కవలల్లో ఒకరి గుండె ఆగిందని, ఇద్దరిదీ ఒకే మాయ అని రాశారు. చదువుతుంటే మనసు కలుక్కుమందండీ. "లోపల విషం పాకుతుంది, వెంటనే ఆపరేషన్ చేయించు" అని మీ అత్తగారు అంటున్నారు కదా, దానికి తొందరపడకండి.

ఇక్కడ భయం విషం గురించి కాదు. ఒకే మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసుంటాయి. ఒక గుండె ఆగగానే బతికున్న బిడ్డ రక్తం కొంత అటు జారిపోతుంది. బీపీ పడిపోయి మెదడు దెబ్బతినొచ్చు, ప్రాణమే పోవచ్చు. సుమారు 15 శాతం కేసుల్లో రెండో బిడ్డా దక్కదు, బతికినవారిలో దాదాపు నాలుగో వంతుకు మెదడు సమస్యలు వస్తాయి. కానీ ఆ దెబ్బ చాలావరకు మొదట్లోనే తగులుతుంది. ఇప్పుడు బయటికి తీసినా అది వెనక్కి పోదు, నెలలు నిండని కష్టాలు అదనం.

రేపే ఫీటల్ మెడిసిన్ డాక్టర్‌ను (కడుపులోని బిడ్డ ఆరోగ్యం చూసే నిపుణులను) కలవండి. బతికున్న బిడ్డ తలలోని రక్తనాళానికి డాప్లర్ (రక్తం పారే వేగం చూపే స్కాన్) చేయమనండి. బిడ్డకు రక్తం తగ్గితే అక్కడ రక్తం పారే వేగం పెరుగుతుంది. మా చెల్లికి చేసినప్పుడు తెర మీద ఎర్రగా, నీలంగా మెరిసిన ఆ సన్నని గీత నాకింకా కళ్లముందే ఉంది. మెదడు గాయం వెంటనే కనబడదు, అందుకే నాలుగు వారాల తర్వాత ఎమ్మారై గురించి కూడా అడగండి.

కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపోండి.