వీసా ఫారంలో తప్పు జవాబు పడింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. నేను రిటైర్డ్ టీచర్‌ని. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి నేనూ నా భార్యా టూరిస్ట్ వీసా మీద వెళ్దామనుకుని నెట్ సెంటర్‌లో డీఎస్-160 ఫారాలు (అమెరికా వీసాకి ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తు) నింపించాం. ఇంటికొచ్చి ప్రింట్ చదివితే, ‘గతంలో వీసా తిరస్కరించారా?’ అన్నచోట నా భార్య ఫారంలో ‘లేదు’ అని ఉంది. 2014లో ఆమెకు ఒకసారి రిజెక్ట్ అయింది. అమెరికా పౌరుడైన మా బావమరిది ఆమె పేరున గ్రీన్‌కార్డు పిటిషన్ వేసి చాలా ఏళ్లయింది. ‘మీ పేరున ఎవరైనా అలాంటి పిటిషన్ వేశారా?’ అన్నచోటా ‘లేదు’ అనే ఉంది. ‘అవునని పెడితే వీసా రాదండీ’ అంటున్నాడు సెంటర్ అబ్బాయి. ఇంటర్వ్యూకి మూడు వారాలుంది. ఏం చేయాలి? అసలు భార్యాభర్తలకు కలిపి ఒకే ఫారం ఉండదా?

జవాబు: ఇంటర్వ్యూకి ముందే చూసుకున్నారు, అది మీ అదృష్టం. ఆ ఫారంతో మాత్రం ఇంటర్వ్యూకి వెళ్లొద్దు.

డీఎస్-160లో రాసినవన్నీ నిజమేనని, అబద్ధమైతే శిక్షకు బాధ్యులమని ఒప్పుకుంటూ సంతకం పెడతాం. చివరి పేజీలో పాస్‌పోర్ట్ నంబరు కొట్టి ‘సైన్ అండ్ సబ్మిట్’ నొక్కడమే ఆ సంతకం. ఫారం ఎవరు నింపిపెట్టినా ఆ బటన్ దరఖాస్తుదారే నొక్కాలి. ‘ఫారం నింపడంలో ఎవరైనా సాయం చేశారా?’ అనే ప్రశ్న కూడా అక్కడే ఉంటుంది. సెంటర్‌లో నింపించారు కాబట్టి ‘అవును’ అని పెట్టి, నింపిన వ్యక్తి వివరాలు ఇవ్వాలి. ఒకరి మాటకు ఇంకొకరు సంతకం పెట్టలేరు. భార్యాభర్తలకైనా విడివిడిగా ఫారాలుండేది అందుకే. మీ ఫారం సబ్మిట్ చేశాక ‘ఫ్యామిలీ అప్లికేషన్’ అనే అవకాశం కనిపిస్తుంది. అది కొన్ని వివరాలను రెండో ఫారంలోకి తెచ్చిపెడుతుందే తప్ప ఇద్దరినీ ఒకే దరఖాస్తు చేయదు.

ఇక అసలు సమస్య. వీసా కోసం ముఖ్యమైన విషయంలో తెలిసీ అబద్ధం చెబితే, అమెరికా ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 212(ఎ)(6)(సి) కింద జీవితాంతం ప్రవేశ నిషేధం పడొచ్చు. మామూలు తిరస్కరణ, అంటే తిరిగొస్తారన్న నమ్మకం కలగక సెక్షన్ 214(బి) కింద ఇచ్చేది, అంత ప్రమాదం కాదు. పరిస్థితులు మారాక మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. 212 కింద పడితే ప్రతిసారీ ప్రత్యేక మినహాయింపు కోరాల్సి వస్తుంది. రేపు మీ శ్రీమతి తమ్ముడి పిటిషన్‌కు టర్న్ వచ్చినప్పుడు కూడా అదే అడ్డంపడుతుంది. దాచినా దాగే విషయం కాదిది. పాత తిరస్కరణ రికార్డు, వేలిముద్రలు అన్నీ అధికారి కంప్యూటర్‌లో ఉంటాయి. పన్నెండేళ్ల కిందటిది ఎవరు చూస్తారులే అనుకోకండి, చూస్తారు.

ఊరటనిచ్చే మాట ఒకటుంది. అధికారి పట్టుకోకముందే, దరఖాస్తుదారు తనంతట తాను వెంటనే తప్పు సరిదిద్దుకుంటే దాన్ని మోసంగా లెక్కించరు. మీ శ్రీమతికి తెలియకుండా వేరేవాళ్లు పెట్టిన జవాబు అన్నదీ కలిసొచ్చే విషయమే. కానీ ఇప్పుడు మీకు తెలిసిపోయింది. తెలిశాక కూడా ఊరుకుంటే ఆ మాట ఇక నిలవదు.

సబ్మిట్ అయిన ఫారాన్ని దిద్దే వీల్లేదు కాబట్టి ఆమె పేరున కొత్త డీఎస్-160 నింపండి. ఫారానికి ఫీజు ఉండదు. మనిషికి 185 డాలర్లు కట్టేది వీసా దరఖాస్తు రుసుము, కొత్త ఫారం వేసినంత మాత్రాన అది మళ్లీ కట్టక్కర్లేదు. తిరస్కరణ ప్రశ్నకు ‘అవును’ అని పెట్టి, కింది గడిలో ఏ ఏడాది, ఏ కాన్సులేట్, ఏ రకం వీసా అన్నది రెండు ముక్కల్లో రాయండి. కథంతా అక్కర్లేదు. కొత్త ఫారం మీద ఉండే కన్ఫర్మేషన్ నంబర్‌ను, ఇంటర్వ్యూ బుక్ చేసిన అపాయింట్‌మెంట్ ప్రొఫైల్‌లో ఇప్పుడే మార్పించండి. ఆ నంబరు, చేతిలో ఉన్న ఫారం నంబరు కలవకపోతే గేటు దగ్గరే టెన్షన్ పడాల్సొస్తుంది.

పిటిషన్ ప్రశ్నకు ఆమె జవాబు నిస్సందేహంగా ‘అవును’. తోబుట్టువుల కోటా, అంటే ఎఫ్-4 కింద ఇండియా వాళ్లకు నిరీక్షణ పదిహేనేళ్లు దాటుతుంది. ఈలోగా చుట్టపుచూపుగా వెళ్లిరావడాన్ని చట్టం నిషేధించలేదు. తిరిగొస్తారా లేదా అని అధికారి మరికాస్త లోతుగా అడుగుతారు, అంతే. మీ పెన్షన్, ఇల్లు, ఇక్కడున్న పిల్లలు, ఏ నెలలో తిరిగి రావాలనుకుంటున్నారు, ఇవే దానికి సమాధానం. మీ సంగతేమిటంటే, పిటిషన్ మీ పేరున లేకపోయినా ఆమె భర్తగా దాని లబ్ధి మీకూ వస్తుంది. నేనైతే మీకూ కొత్త ఫారం వేసి, అందులోనూ ‘అవును’ అని పెట్టి, ‘నా భార్య తరఫున ఆమె సోదరుడు వేసినది’ అని ఒక వాక్యం రాయమంటాను. అప్పుడు మీ ఇద్దరి జవాబులూ ఒకదానికొకటి సరిపోతాయి.

రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ప్రయాణం తేదీ, ఉండే రోజులు, డల్లాస్ అడ్రస్, ఖర్చు భరించేదెవరు, ఇవన్నీ రెండింటిలో ఒకేలా ఉండాలి. మీ శ్రీమతి పాస్‌పోర్ట్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటే అదే రాయాలి, మీ ఇంటిపేరు తగిలించకండి. పెళ్లయ్యాక ఎక్కడైనా వేరే పేరు వాడి ఉంటే ‘ఇతర పేర్లు’ అన్నచోట చెప్పాలి. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలూ అడుగుతారు, పేరుకే ఉన్న ఫేస్‌బుక్ ఖాతా అయినా రాయండి.

ఇంకో మాట. 2014 సంగతి అడిగితే జవాబు ఆమే చెప్పాలి, మీరు అందుకోవద్దు. హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. ‘మొదటి ఫారంలో ఇది తప్పు పడింది, చూసుకుని కొత్తది వేశాం’ అని అడగకముందే ఆమె చెప్పేస్తే ఇంకా మంచిది. సబ్మిట్ చేసేముందు ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి వినిపించి, ఆ బటన్ ఆమె చేతే నొక్కించండి.