అప్పగించింది గదిలో, గద్దించింది నలుగురిలో

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం క్రైస్తవ సంఘంలో ఎదుగుతున్న యువ నాయకుల గురించినవే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు, ఊర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: ఇరవై రెండేళ్లుగా ఒక సంఘానికి కాపరిగా (పాస్టరుగా) ఉన్నాను. సండేస్కూలు నాటి నుంచి మా కళ్ల ముందే పెరిగిన ఒక యువకుడికి వాక్యం చెప్పే వరం ఉందని గమనించి, రెండేళ్ల క్రితం యువజన కూడికల బాధ్యత అప్పగించాను. చదవమని పుస్తకాలు ఇచ్చాను, పొరపాట్లు చేసినప్పుడు సరిదిద్దాను. మూడు నెలల క్రితం ఆదివారం ఆరాధనలో ప్రసంగించే అవకాశం ఇస్తే, ఒక వాక్యభాగాన్ని ముందూ వెనకా చూడకుండా వాడి, పెద్దలను నొప్పించేలా మాట్లాడాడు. ఆరాధన ముగియగానే పెద్దలందరి ఎదుట అతని తప్పు తెలియజెప్పాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటున్నాడు, యువజన కూడికలకు కూడా సరిగా రావడం లేదు. నేను చేయవలసినదంతా చేశాననే అనుకుంటున్నాను. లోపం ఎక్కడ జరిగింది?

జవాబు: అయ్యగారూ, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. అప్పగించాను, ఇచ్చాను, సరిదిద్దాను, తెలియజెప్పాను అని రాశారు. అతనితో కలిసి కూర్చున్నానని గానీ, అతన్ని వెంట తీసుకువెళ్లానని గానీ ఎక్కడా లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి కూడా లేదు. యువజన కూడికల బాధ్యత అతనికి ఇచ్చిన రోజున ఆ మాట సంఘానికి ఏమని చెప్పారు? మీరు రాయలేదు గనుక, మీ గదిలోకి పిలిచి “ఇకనుంచి నువ్వు చూసుకో బాబూ” అని ఊరుకున్నారని అనుకుంటున్నాను. నా ఊహ తప్పయితే మన్నించండి. నిజమైతే మాత్రం, గదిలో చేయవలసిన పని నలుగురిలోనూ, నలుగురిలో చేయవలసిన పని గదిలోనూ జరిగిపోయాయి.

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో మోషే, తన తరువాత నాయకుడు కాబోయే యెహోషువను యాజకుడైన ఎలియాజరు ఎదుట, సర్వసమాజం ఎదుట నిలువబెట్టి, అతని మీద చేతులుంచి ఆజ్ఞ ఇచ్చాడు. ప్రజలు యెహోషువ మాట వినేటట్లు తన ఘనతలో కొంత అతని మీద ఉంచమని దేవుడు మోషేకు చెప్పిన మాటలో ఆ ‘కొంత’ అన్నదాన్ని జాగ్రత్తగా చూడాలి. మోషే ఇంకా బతికే ఉన్నాడు, నాయకత్వంలోనే ఉన్నాడు. అయినా తనకున్న గౌరవంలో ఒక భాగాన్ని అందరూ చూస్తుండగా మరొకరికి పంచవలసి వచ్చింది. పెద్దలు ఆ యువకుణ్ణి ‘నిన్నమొన్నటి పిల్లవాడు’గానే చూస్తున్నారంటే, అతను ఇప్పుడు ఎవరి అధికారంతో మాట్లాడుతున్నాడో వారికి ఎవరూ చెప్పలేదన్నమాట. అటువంటి స్థితిలో అతను చేసిన చిన్న తప్పు కూడా పొగరుగానే కనిపిస్తుంది.

ఇక గద్దింపు సంగతి. అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో ఎఫెసుకు వచ్చాడు. విద్వాంసుడు, లేఖనాలలో ప్రవీణుడు. అయితే యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం మట్టుకే తెలిసినవాడు. సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతుంటే ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు విన్నారు. అక్కడే లేచి నిలబడి “నీకు సగమే తెలుసు” అనలేదు. “అతని చేర్చుకొని” దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరచారని ఆ గ్రంథకర్త లూకా రాశాడు. ‘చేర్చుకొని’ అన్న ఆ ఒక్క మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. మిగిలిన సగం ఆ తరువాతి వచనంలో ఉంది: అపొల్లో అకయకు వెళ్లదలచినప్పుడు, అతన్ని చేర్చుకొమ్మని సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరం రాశారు. దిద్దుబాటు నలుగురికీ దూరంగా జరిగింది, సిఫారసు నలుగురూ చదివేటట్లు జరిగింది.

ఇప్పుడు ఏం చేయాలంటారా? అతన్ని పిలిపించకండి, మీరే వెళ్లండి. అందరి ముందు అన్నందుకు క్షమించమని అడగండి. అయితే చెప్పిన విషయాన్ని మాత్రం వెనక్కు తీసుకోవద్దు. సందర్భం విడిచి వాక్యాన్ని వాడడం తప్పే, అది తప్పని అతనికి తెలియాలి. మీ పొరపాటు చెప్పిన చోటులో ఉంది, చెప్పిన సంగతిలో లేదు. ఈ రెండింటినీ విడదీసి మాట్లాడితే అతనికి మీ మీద గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

తరువాత అతనికి మరో ప్రసంగం ఇవ్వండి. మరీ ఆలస్యం చేయవద్దు, ఆలస్యమైన కొద్దీ అది శిక్షలా కనిపిస్తుంది. వాక్యభాగాన్ని రెండు వారాల ముందే నిర్ణయించుకుని, ఒక గురువారం సాయంకాలం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోండి. అతని నోట్సు పక్కన పెట్టించి, బైబిలు మాత్రమే తెరిపించండి. ఈ మాటలు ఎవరు ఎవరితో అన్నారు, దీనికి ముందు ఏం జరిగింది, తరువాత ఏం జరగబోతోంది అని అడగండి. జవాబులు మీ నాలుక చివరన ఉన్నా చెప్పకుండా ఆగండి. మనలాంటివారికి అన్నిటికన్నా కష్టమైన పని అదే. గంట గడిచాక నోట్సు చేతికిస్తే, ఆరు పేజీలలో రెండు పేజీలు అతనే కొట్టివేసుకుంటాడు. మీరు కొట్టివేసిన వాక్యం అతనికి అవమానం, అతను కొట్టివేసుకున్నది అతనికి పాఠం.

ప్రసంగం అయిన రోజున విమర్శ ఏదీ వద్దు. వేదిక దిగి వచ్చినవాడి చెవికి ఆ పూట పొగడ్త కూడా నింద లాగే వినిపిస్తుంది. రెండు రోజులు ఆగి, ఎక్కడ తడబడ్డాననిపించిందో ముందు అతన్నే అడగండి. మీరు చెప్పదలచుకున్నది చాలావరకు అతని నోటి నుంచే వస్తుంది. ఒక ప్రసంగానికి ఒక్క దిద్దుబాటు చాలు. ఈ జవాబు రాస్తున్నవాడి తొలి ప్రసంగంలో చెప్పవలసినదంతా పది నిమిషాలలో అయిపోతే, ఏం చేయాలో తోచక మొదటి నుంచి మళ్లీ చెప్పడం జరిగింది. మీకూ అలాంటి జ్ఞాపకం ఒకటి ఉండకపోదు. దాన్ని పెద్దలు కూడా వింటుండగా అతనికి చెప్పండి.

చివరగా, వేదిక ఒక్కటే చూపించి నాయకుణ్ణి తయారు చేయలేము. రోగిని చూడబోయినప్పుడు, ఎవరైనా పోయిన ఇంట్లో కూర్చోవలసి వచ్చినప్పుడు, తగవులాడుకున్న అన్నదమ్ముల మధ్యకు వెళ్లినప్పుడు అతన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. అక్కడ ఏం మాట్లాడాలో కంటే ఎప్పుడు మాట్లాడకూడదో అతను నేర్చుకుంటాడు. రాజులు ప్రవక్త కోసం వెదికిన రోజున ఎలీషాను పరిచయం చేసిన సేవకుడు అతని ప్రవచనాల గురించి చెప్పలేదు. తన గురువు ఏలీయా చేతుల మీద నీళ్లు పోసినవాడని చెప్పాడు.

ప్రశ్న: నా వయసు ఇరవై ఏడు. మా సంఘంలో సండేస్కూలు పరిచర్యకు నాయకురాలిగా నన్ను నియమించారు. నాకు మార్గదర్శిగా ఒక పెద్దగారిని పెట్టారు. ఆయన మంచివారే, కానీ పిల్లలు ఏ పాట పాడాలన్నదానితో సహా అన్నీ ఆయనే నిర్ణయిస్తారు. నేను ఏదైనా మార్చితే మరుసటి వారానికి పాత పద్ధతికి తెచ్చేస్తారు. పేరుకు మాత్రమే నాయకురాలిని. వేరే సంఘానికి వెళ్లిపోవడం మంచిదా?

జవాబు: సహోదరీ, వెళ్లిపోయే ముందు ఈ మాట ఆయనతో ఒక్కసారైనా సూటిగా అన్నారా? అనకుండా వెళ్లిపోతే, ఆయనకు తన తప్పు ఎన్నటికీ తెలియదు, మీ తరువాత వచ్చే అమ్మాయికీ ఇదే జరుగుతుంది.

ఆయన మనసులో చెడు ఉందని అనుకోనక్కరలేదు, భయం ఉంటుంది. మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీకి కూడా ఆ భయం తప్పలేదు. 1740ల ఆరంభంలో లండన్‌లోని తన కూడిక స్థలాన్ని చూసుకోమని థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే యువకుణ్ణి ఉంచి వెస్లీ బయటికి వెళ్లారు. అభిషేకం పొందిన బోధకుడు కాని ఆ యువకుడు ప్రసంగించడం మొదలుపెట్టాడని విని, ఆపించాలని హడావిడిగా తిరిగి వచ్చారు. తల్లి సుసన్నా ఆయన్ని నిలిపి, ముందు ఆ పరిచర్య ఫలాన్ని చూడమనీ, స్వయంగా వినమనీ చెప్పింది. వెస్లీ విన్నారు, ఒప్పుకున్నారు. గురువులు కాని సామాన్య విశ్వాసులు ప్రసంగించడం ఆ ఉద్యమానికి బలమైంది. ఆ మాక్స్‌ఫీల్డే 1763లో వెస్లీతో విభేదించి విడిపోయాడన్నది కూడా నిజం. ప్రోత్సహించినవారు నష్టపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుందని మీ పెద్దగారికి తెలుసు, మీరూ తెలుసుకుంటే ఆయన మీద కోపం కొంత తగ్గుతుంది.

మీరు అడగవలసింది స్వేచ్ఛ కాదు, హద్దు. నిర్గమకాండము 18లో మోషేకు ఆయన మామ యిత్రో ఇచ్చిన సలహా కూడా అలాంటిదే. వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టి, చిన్న సంగతులు వారే తీర్చాలని, గొప్ప సంగతులు మోషే దగ్గరకు తేవాలని చెప్పాడు. ఏది చిన్నదో ఏది గొప్పదో ముందే తేలింది. మీరూ ఒక కాగితం తీసుకుని పెద్దగారితో కూర్చోండి. పాటలు, ఏ టీచరు ఏ తరగతికి వెళ్లాలి, బొమ్మలు, ఆటలు వంటివి మీరే నిర్ణయించుకునేవి. తరగతి వేళ మార్చడం వంటివి నిర్ణయించి ఆయనకు తెలియజేసేవి. డబ్బు ఖర్చు, కొత్త టీచరు నియామకం వంటివి అడిగి చేసేవి. ఒక బిడ్డ క్షేమానికి సంబంధించిన ఫిర్యాదు మాత్రం వచ్చిన గంటలోనే పైవారికి చేరాలి. ఈ ఏర్పాటును మూడు నెలలు నడిపి చూద్దామని కోరండి. ఎప్పటికీ అంటే వెనకాడే పెద్దవారు కూడా, మూడు నెలలే అంటే సాధారణంగా ఒప్పుకుంటారు. ఆయన అడగకముందే నెలకొకసారి మీరే లెక్క అప్పజెప్పండి. సమాచారం అందుతూ ఉంటే పట్టు దానంతటదే సడలుతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మార్గదర్శి పురుషుడు, నేర్చుకునేది యువతి అయినప్పుడు, కలిసి మాట్లాడుకోవడం నలుగురు తిరిగే చోట, తలుపు తెరిచి జరగాలి. సంఘంలో అనుభవం ఉన్న ఒక స్త్రీ కూడా మీకు మార్గదర్శిగా ఉంటే ఇంకా మంచిది. అపొల్లోకు నేర్పిన ఇద్దరిలో లూకా ముందు రాసిన పేరు ప్రిస్కిల్లదే.

ప్రశ్న: మేము నాయకుడిగా ఎంచుకున్న ఒక సహోదరుడు, సంఘం మొదలుపెట్టిన పనిని మధ్యలో వదిలి వెళ్లిపోయాడు. ఏడాది తరువాత తిరిగి వచ్చి మళ్లీ పరిచర్య చేస్తానంటున్నాడు. కమిటీ రెండుగా చీలింది. ఏం చేయాలి?

జవాబు: మీ కమిటీకి ముందే, కలిసి సువార్త ప్రయాణం చేసిన పౌలు, బర్నబా ఇదే విషయంలో చీలిపోయారు. పంఫూలియలోని పెర్గే దగ్గర తమను విడిచి వెళ్లిపోయిన మార్కును మళ్లీ తీసుకువెళ్లాలా వద్దా అన్న దగ్గర “తీవ్రమైన వాదము” కలిగి వేరైపోయారు. మార్కు ఎందుకు వెళ్లిపోయాడో, ఆ వాదంలో ఎవరిది సరైన పక్షమో లూకా చెప్పలేదు. అయితే బర్నబా ఏం చేశాడో చూడండి. మార్కును కుప్ర ద్వీపానికి తీసుకువెళ్లాడు. అది బర్నబా పుట్టిన చోటు, మార్కు మొదటి ప్రయాణంలో నిలబడగలిగిన చోటు. ఓడిపోయిన దారిలోకే వెంటనే నెట్టలేదు, పనికిరావని ఇంటి దగ్గరా కూర్చోబెట్టలేదు. ఏళ్ల తరువాత పౌలే మార్కును వెంటబెట్టుకుని రమ్మని, అతడు పరిచారం నిమిత్తం తనకు ప్రయోజనకరమైనవాడని తిమోతికి రాశాడు. మీరూ ఆ సహోదరుడికి పాత పదవి వెంటనే ఇవ్వకండి. తొందరగా ముగిసే చిన్న పని ఒకటి, అతన్ని ప్రేమించే ఒక పెద్ద మనిషి పక్కన ఉండగా ఇవ్వండి.

ఇది భయపడి, అలసిపోయి పారిపోయినవారికి వర్తించే మాట. లెక్కల్లో మోసం చేసినవారి సంగతి వేరు. వారిని క్షమించవచ్చు, కానుకల పెట్టె తాళం మాత్రం మళ్లీ ఇవ్వనక్కరలేదు. పిల్లలకో స్త్రీలకో హాని చేసినవారిని మార్కుతో పోల్చి వెనకేసుకురావడం నేను చాలా చోట్ల విన్నాను. అది వాక్యాన్ని వక్రీకరించడమే. ఆ వ్యవహారం కమిటీలో తేలేది కాదు. చట్టానికి తెలియజేయాలి, వారికి మళ్లీ నాయకత్వం ఇవ్వకూడదు.

ప్రశ్న: మా కాపరిగారు త్వరలో విశ్రాంతి తీసుకోబోతున్నారు. ఆయన కుమారుణ్ణే కాపరిని చేయాలని కొందరు, వద్దని కొందరు. మీ అభిప్రాయం?

జవాబు: కాపరి కుమారుడు కావడం అర్హత కాదు, అనర్హత కూడా కాదు. మోషేకు గెర్షోము, ఎలీయెజెరు అనే ఇద్దరు కుమారులున్నా ఆయన స్థానంలోకి యెహోషువ వచ్చాడు. సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమిస్తే వారు లంచాలు పుచ్చుకుని న్యాయాన్ని తిప్పివేశారు. “మొదట పరీక్షింపబడవలెను” అని పరిచారకుల గురించి పౌలు రాసిన నియమం ఆ కుమారుడికీ వర్తిస్తుంది. ఇన్నేళ్లలో అతను కాక ఇంకెవరినీ తయారు చేయలేదంటే, చర్చ అక్కడ మొదలుపెట్టాలి. ఇంకా సమయం ఉంటే, అతనితోపాటు మరో ఇద్దరికి కూడా ఏడాదిపాటు ఒకే రకమైన బాధ్యతలు ఇచ్చి, వారిని చూసే పనిని కుటుంబానికి సంబంధం లేని పెద్దలకు అప్పగించండి. నిర్ణయం జరిగే రోజున కాపరిగారు, ఆయన కుమారుడు ఆ గదిలో లేకుండా ఉండేటట్లు ముందుగానే మాట తీసుకోండి.